తొక్కినవాళ్ల కథ

(షుసాకు ఎండో నవల ‘నిశ్శబ్దం’ గురించి)

విశ్వాసవీరుల కథలు వింటూ పెరిగినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. సింహాల ముందుకు నడిచిపోయినవాడూ, మంటల్లో నిలబడి కీర్తన పాడినవాడూ మాత్రమే ధైర్యవంతులనీ, మిగిలినవాళ్లు లెక్కలోకి రారనీ అనుకోవడం ఆ అలవాటు. ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పే కథల్లో గానీ, పెద్దలు రాసిన హతసాక్షుల చరిత్రల్లో గానీ ఆ మిగిలినవాళ్లకు పేర్లుండవు. బెదిరింపుకు లొంగి, ఆ దేవుడితో నాకేం సంబంధం లేదని నలుగురిలో చెప్పి, ఇంటికి వచ్చి తలుపు వేసుకుని రాత్రంతా ఏడ్చినవాడు ఏమయ్యాడు? అతని విశ్వాసం ఆ రోజుతో చచ్చిపోయిందా? చచ్చిపోతే ఆ ఏడుపు దేనికి?

జపాన్ రచయిత షుసాకు ఎండో 1966లో ప్రచురించిన ‘చిన్మొకు’ నవల అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఆ మాటకు మౌనం అని చెప్పుకోవచ్చు, నిశ్శబ్దం అని కూడా చెప్పుకోవచ్చు. నేను నిశ్శబ్దం అనే వాడుతున్నాను. మౌనం మనిషి ఎంచుకునేది. నిశ్శబ్దం మీద వచ్చి పడేది. జపాన్‌లో బోధించిన జెస్విట్ సన్యాసి విలియం జాన్‌స్టన్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1969లో వచ్చింది. మనలో ఈ నవల చదివినవాళ్లలో ఎక్కువమంది దాన్నే చదివి ఉంటారు. 2016లో మార్టిన్ స్కోర్సెసీ దీన్ని సినిమాగా తీశాక కథ తెలిసినవాళ్లు పెరిగారు గానీ నవల చదివినవాళ్లు పెరిగారని చెప్పలేం. సినిమా చూసి నవల తెలిసిపోయిందనుకోవడంలో ఎంత నష్టముందో చివర్లో చెబుతాను.

ముందుగా కొంచెం చరిత్ర. మన గోవాలో శరీరం ఉన్న ఫ్రాన్సిస్ జేవియరే 1549లో జపాన్ దక్షిణ తీరాన కాగోషిమాలో దిగి క్రైస్తవ బోధ మొదలుపెట్టాడు. అరవై డెబ్భై ఏళ్లలో అక్కడి క్రైస్తవులు మూడు లక్షల దాకా అయ్యారని అంచనా. కొందరు ప్రభువులు విశ్వాసంతో చేరారు, కొందరు పోర్చుగీసు ఓడల సరుకు కోసం చేరారు, ప్రభువు చేరాడు కనుక రైతులు చేరారు. ఆ తర్వాత గాలి తిరిగింది. 1587లో హిదెయోషి పాదిరీలను దేశం వదిలిపొమ్మన్నాడు. 1597 ఫిబ్రవరి 5న నాగసాకిలో 26 మందిని సిలువ వేశారు. 1614లో తొకుగావా ప్రభుత్వం దేశమంతటా ఈ మతాన్ని నిషేధించింది. 1637-38లో షిమబారా రైతుల తిరుగుబాటును అణచివేశాక తలుపులు పూర్తిగా మూసుకున్నాయి.

ఈ కాలంలో పుట్టిన ఒక వస్తువే ఈ నవలకు ఇరుసు. దాని పేరు ఫుమియె. తొక్కే బొమ్మ అని అర్థం. చెక్కపలకలో బిగించిన కంచు బిళ్ల, దాని మీద క్రీస్తు రూపమో మరియమాత రూపమో ఉంటుంది. నాగసాకి ప్రాంతంలో ఏటా కొత్త సంవత్సరం రోజుల్లో ఊరివాళ్లంతా వరసగా వచ్చి దాన్ని కాలితో తొక్కాలి. తొక్కినవాడు ఇంటికి పోతాడు. తొక్కనివాడు విచారణకు పోతాడు. మొదట్లో హతసాక్షులను బహిరంగంగా కాల్చిన అధికారులు, దానివల్ల చూసేవాళ్ల భక్తి ఇంకా పెరుగుతోందని త్వరలోనే గ్రహించారు. అందుకే చంపడం తగ్గించి, లొంగదీయడం మొదలుపెట్టారు. మనిషిని తాళ్లతో బిగించి, తలకిందులుగా గోతిలో వేలాడదీసి, ఒక్కసారిగా చావకుండా చెవుల వెనక చిన్న గాటు పెట్టి రక్తం బొట్టుబొట్టుగా కారనిచ్చేవారు. 1633 అక్టోబరులో ఈ గోతిలో ఐదు గంటలు వేలాడి లొంగిపోయినవాడు క్రిస్టొవావ్ ఫెరీరా. సామాన్యుడు కాదు, జపాన్‌లోని జెస్విట్లకు పెద్ద. లొంగాక జపనీస్ పేరు పెట్టుకుని, ప్రభుత్వం ఇచ్చిన ఇంట్లో ఉంటూ, తాను బోధించిన మతాన్ని ఖండిస్తూ 1636లో ఒక పుస్తకం కూడా రాశాడు. ఇదంతా నిజంగా జరిగింది.

నవల ఇక్కడ మొదలవుతుంది. గురువు లొంగిపోయాడన్న వార్త నమ్మలేక ఆయన శిష్యులు పోర్చుగల్ నుంచి గోవా, మకావు మీదుగా రహస్యంగా జపాన్ చేరతారు. అలా చేరిన ఇద్దరు రోడ్రిగ్స్, గార్పె. వాళ్లను తీరానికి చేర్చినవాడు కిచిజిరో అనే తాగుబోతు జాలరి. కొండమీద బొగ్గులు కాల్చే గుడిసెలో దాక్కుని, రాత్రివేళ వచ్చే రైతులకు జ్ఞానస్నానాలు ఇస్తూ, పాపసంకీర్తనలు వింటూ కొన్నాళ్లు గడుపుతారు. అధికారులకు వాసన తగులుతుంది. మొకిచి, ఇచిజో అనే రైతులను సముద్రపు ఒడ్డున కొయ్యలకు కట్టేస్తారు. పోటు వచ్చినప్పుడల్లా గడ్డం దాకా నీరు. రోజుల తరబడి పట్టింది చావడానికి. తర్వాత కిచిజిరో డబ్బుకు రోడ్రిగ్స్‌ను పట్టిస్తాడు. చెరలో రోడ్రిగ్స్ తన గురువును కలుస్తాడు. చివరికి ఒక తెల్లవారుజామున ఫుమియె మీద కాలు పెడతాడు. కథ ఇంతే. రోడ్రిగ్స్‌కు మూలం జుజెప్పె కియారా అనే ఇటలీ పాదిరి. ఆయన 1643లో పట్టుబడి, లొంగి, జపనీస్ పేరుతో ఎదోలో కాపలా మధ్య నలభై ఏళ్లకు పైగా బతికి 1685లో పోయాడు.

పాదిరి పాదం మోపిన ఆ ఘట్టం గురించే ఎక్కువమంది మాట్లాడతారు. నాకు మాత్రం నవల తాళంచెవి అంతకు ఎంతో ముందు, ఒక చిన్న సంభాషణలో దొరికింది. మొకిచీ వాళ్లను విచారణకు రమ్మని కబురు వచ్చిన రోజున, ఫుమియె తొక్కమంటే ఏం చెయ్యాలి పాదిరిగారూ అని ఆ రైతు అడుగుతాడు. మేం తొక్కకపోతే ఊరంతా నాశనమవుతుందని అతని బాధ. రోడ్రిగ్స్ జాలి ఆపుకోలేక, తొక్కండి, ఫరవాలేదు, తొక్కండి అనేస్తాడు. పక్కనున్న గార్పె అతనివైపు నిష్ఠూరంగా చూస్తాడు. అంటే ఏమిటి? ఒక రైతు ప్రాణం కోసం తొక్కవచ్చునని అతను అప్పుడే తీర్పు ఇచ్చేశాడు. తర్వాత రెండువందల పేజీల పాటు తాను మాత్రం తొక్కనంటాడు. రైతుకు ఇచ్చిన మినహాయింపు తనకు ఇచ్చుకోకపోవడం భక్తా, అహంకారమా? తాను హతసాక్షి కావాలి, రైతులు మాత్రం బతికితే చాలు అన్న ఈ తేడాలో ఒక దొరతనం లేదా? ఎండో ఈ మాట ఎక్కడా నోరు విప్పి అనడు. పాఠకుడు వెనక్కి తిరిగి ఆ పేజీ వెతుక్కోవాలి.

ఈ అహంకారాన్ని ఎండో మరోవిధంగా కూడా చూపిస్తాడు. రోడ్రిగ్స్ మనసులో ఎప్పుడూ క్రీస్తు ముఖం ఒకటి మెదులుతుంటుంది. చిన్నప్పుడు చూసిన ఇటలీ చిత్రంలోని ముఖం, తేజస్సుతో, రాజసంతో, అందంగా ఉండేది. కొండల్లో దిక్కులేక తిరుగుతూ నీటిగుంటలో తన నీడ చూసుకున్నప్పుడు కూడా అతనికి ఆ ముఖమే గుర్తొస్తుంది. పట్టుబడ్డాక ప్రతి అనుభవాన్నీ క్రీస్తు శ్రమలతో సరిచూసుకుంటాడు. ఉప్పుచేప తినిపించి దాహం పుట్టించిన కిచిజిరో యూదా, గాడిద మీద నాగసాకి వీధుల్లో ఊరేగించడం యెరూషలేము ప్రవేశం. తన బాధను ఒక పవిత్ర గ్రంథంలా చదువుకుంటున్న మనిషి ఇతను. కానీ కడపట కాలికింద కనబడ్డ క్రీస్తు ముఖం ఆ చిత్రంలోది కాదు. వేలమంది పాదాలు తగిలి అరిగిపోయి, నొక్కులుపడి, అలసిపోయిన ముఖం. నాగసాకిలో ఒక పాత ఫుమియెను ఎండో స్వయంగా చూశాడు. దాని చెక్క చట్రం మీద కాలివేళ్ల నల్లని మరకలు ఉన్నాయి. ఆ వేళ్లు ఎవరివి, తొక్కేటప్పుడు వాళ్లకు ఏమనిపించింది అన్న ఆలోచన నుంచే ఈ నవల పుట్టిందని ఆయన చెప్పుకున్నాడు.

ఇప్పుడు గోతి రాత్రి. చీకటి కొట్టులో ఉన్న రోడ్రిగ్స్‌కు ఎక్కడో గురక వినిపిస్తుంది. నేను చావుకు సిద్ధమవుతుంటే కాపలావాడు హాయిగా గుర్రుపెడుతున్నాడే అని మొదట నవ్వొస్తుంది, తర్వాత ఒళ్లు మండుతుంది, తలుపు బాదుతాడు. అప్పుడు ఫెరీరా వచ్చి చెబుతాడు, అది గురక కాదని. గోతిలో వేలాడుతున్న రైతుల మూలుగు అది. వాళ్లు ఎప్పుడో లొంగిపోయారు. అయినా దింపరు, పాదిరి తొక్కితేనే దింపుతారు. ఈ ఒక్క మలుపుతో ఎండో హతసాక్షి కథ మొత్తాన్ని తలకిందులు చేశాడు. తన ప్రాణాన్ని ఇవ్వడానికి సిద్ధపడినవాడిని ఏ రాజూ ఏమీ చేయలేడు. కానీ అతని దృఢత్వానికి వెల ఇంకొకరి ప్రాణమైతే? ఆ వెల ఇవ్వడం ధైర్యమా, ఇవ్వకపోవడం ధైర్యమా? పైగా ఆ శబ్దాన్ని గురకగా పొరబడ్డాడు చూడండి. తన వేదనలో మునిగిన మనిషికి ఇతరుల మూలుగు నిద్రలా వినబడుతుంది. దేవుడు పలకడం లేదని పుస్తకమంతా మొరపెట్టుకున్నవాడి చెవి ఎంత పనిచేస్తోందో ఈ ఒక్క ఘట్టం చెబుతుంది.

కథాకథనంలో ఎండో చేసిన పని మరొకటి ఉంది. దీన్ని మన నవలాకారులు శ్రద్ధగా గమనించాలని నా కోరిక. మొదటి అధ్యాయాలు రోడ్రిగ్స్ స్వయంగా రాసిన ఉత్తరాలు. నేను, నేను అని నడుస్తాయి. పట్టుబడేసరికి ఉత్తరాలు ఆగిపోతాయి, కథ ప్రథమ పురుషలోకి మారుతుంది. అతను తొక్కాక కొంతభాగం దెజిమా దీవిలోని డచ్చి గుమాస్తా దినచర్యగా వస్తుంది; ఓడలూ సరుకులూ లెక్కల మధ్య ఈ మాజీ పాదిరి ప్రస్తావన ఒకటి రెండు వాక్యాలు. చిట్టచివర ఎదోలోని క్రైస్తవుల నిర్బంధ గృహం అధికారి రాసుకున్న పొడిపొడి చిట్టా. అంటే అడుగడుగునా మనం ఆ మనిషి లోపలినుంచి బయటికి నెట్టబడుతున్నాం. అతని మనసు తెలిసిన చోటునుంచి అతనికి ఎంత బియ్యం ఇచ్చారో మాత్రమే తెలిసిన చోటుకు వచ్చి పడతాం. దేవుడి నిశ్శబ్దం గురించి రాస్తున్నానంటూ రచయిత తన కథానాయకుణ్ణే నిశ్శబ్దంలోకి దింపేశాడు. లొంగిపోయినవాడి విశ్వాసం ఇకమీదట బయటివాడికి కనబడదు. దాన్ని తూచే అధికారం పాఠకుడికి లేదు.

ఇక కిచిజిరో. ప్రపంచ సాహిత్యంలో ఇంత నీచంగా, ఇంత దగ్గరివాడిగా కనిపించే పాత్రలు తక్కువ. తన కుటుంబమంతా కాలి బూడిదైన రోజున ఫుమియె తొక్కి బతికినవాడు. ప్రతిసారీ తొక్కుతాడు. ప్రతిసారీ తిరిగొచ్చి కాళ్లమీద పడి పాపసంకీర్తన వినమంటాడు. వాన కురుస్తున్నా చెరసాల గేటు దగ్గర నిలబడి అరుస్తాడు. అతని వాదన ఒక్కటే: నేను పుట్టుకతోనే బలహీనుణ్ణి, ఈ హింసాకాలంలో కాక శాంతికాలంలో పుట్టి ఉంటే నేనూ మంచి క్రైస్తవుడిగానే బతికి చచ్చి ఉండేవాణ్ణి. ఈ మాటను కాదనడం అంత సులభం కాదు. శాంతికాలంలో ఆదివారం ఇస్త్రీ బట్టలతో గుడికి వెళ్లి మొదటి వరసలో కూర్చునే మనలో ఎంతమంది కిచిజిరోలు ఉన్నారో ఎవరు చెప్పగలరు? పరీక్ష రాలేదు కనుక మనం ఉత్తీర్ణులం. రోడ్రిగ్స్ అతణ్ణి అసహ్యించుకుంటూనే క్షమాపణ మంత్రం గొణుగుతాడు. తానూ తొక్కిన తర్వాతే, కాథలిక్ సంఘం దృష్టిలో గురుత్వం పోగొట్టుకున్న తర్వాతే, అతని పాపసంకీర్తనను మనసుపెట్టి వింటాడు. వినే స్థితికి రావడానికి అతనికి అంత వెల పడింది.

ఎండో ఈ పాత్రను ఎందుకింత లోతుగా రాయగలిగాడంటే అందులో తానున్నాడు కనుక. ఆయన 1923లో టోకియోలో పుట్టాడు. తల్లిదండ్రులు విడిపోయాక తల్లి కాథలిక్ అయింది. పది పన్నెండేళ్ల వయసులో తల్లి మాట మీద తనూ జ్ఞానస్నానం తీసుకున్నాడు. తన క్రైస్తవం తల్లి తొడిగిన పడమటి సూటు లాంటిదనీ, ఒంటికి సరిపడక ఎన్నోసార్లు విప్పేద్దామనుకున్నాననీ, చివరికి దాన్ని తన ఒంటికి తగ్గట్టు కుట్టుకోవడమే తన రచన అనీ ఆయన పదేపదే చెప్పాడు. 1960 దశకం మొదట్లో క్షయరోగంతో ఆసుపత్రిలో చాలాకాలం పడి ఉండి, ఊపిరితిత్తులకు శస్త్రచికిత్సలు చేయించుకుని, చావు అంచు నుంచి తిరిగొచ్చాక రాసిన పుస్తకం ఇది. నవలకు మొదట ఆయన అనుకున్న పేరు ‘ఎండ వాసన’. నిశ్శబ్దం అన్న పేరు పెట్టినందువల్ల దేవుడు పలకలేదన్న కథగా జనం అపార్థం చేసుకున్నారని, తాను రాసింది నిశ్శబ్దంలో వినిపించిన గొంతు గురించి అని తర్వాత బాధపడ్డాడు. అది నిజమే. అయితే ఆ మొదటి పేరుతోనే వచ్చి ఉంటే ఈ పుస్తకం ఇంత దూరం వచ్చేది కాదేమో!

నవలను ఇంతగా మెచ్చుకున్నాక నా అభ్యంతరాలు కూడా చెప్పాలి. మొదటిది, రైతుల సంగతి. మొకిచి, ఇచిజో, ఒంటికన్ను జువాన్, చాపల్లో చుట్టి సముద్రంలోకి తోసిన మనుషులు, వాళ్లను చేరుకోవాలని ఈదుతూ మునిగిపోయిన గార్పె, వీళ్లంతా రోడ్రిగ్స్ కళ్లముందు చనిపోతారు. కానీ వాళ్ల లోపల ఏం జరిగిందో మనకు చెప్పేవాడు లేడు. మొకిచి కొయ్యకు కట్టబడి పాట పాడాడని వింటాం. ఎందుకు పాడగలిగాడో తెలియదు. చదువుకున్న పాదిరి సందేహానికి మూడువందల పేజీలు, చదువులేని రైతు నిశ్చయానికి మూడు పేజీలు. ఈ నాటకం మనకు కొత్తకాదు. బలహీనుడి పక్షాన నిలబడ్డానన్న రచయిత బలవంతుణ్ణి అర్థం చేసుకునే ఓపిక చూపలేదని నాకనిపిస్తుంది. ఫెరీరా లొంగిన ఆ 1633 అక్టోబరులోనే, ఆ గోతిలోనే, జూలియన్ నకౌరా అనే జపనీస్ గురువు కూడా వేలాడాడు. కుర్రవాడుగా ఉన్నప్పుడు జపాన్ ప్రభువుల దూతబృందంలో రోమ్ వెళ్లి పోపును చూసివచ్చిన నలుగురిలో ఒకడు. అప్పటికి అరవై దాటిన ముసలివాడు. మూడు నాలుగు రోజులు వేలాడి చనిపోయాడు, లొంగలేదు. 2008లో నాగసాకిలో 188 మంది హతసాక్షులను ధన్యులుగా ప్రకటించినప్పుడు ఆయన పేరు వాళ్లలో ఉంది. నవల వచ్చినప్పుడు నాగసాకి కాథలిక్కుల్లో కొందరికి కోపం వచ్చిందంటే అందులో అర్థం ఉంది. వాళ్ల పూర్వీకుల్లో నకౌరాలు కూడా ఉన్నారు మరి. ఐదు గంటల్లో లొంగినవాడి మనసు ఎంత జటిలమో, నాలుగు రోజులు నిలబడ్డవాడి మనసూ అంతే జటిలం. ఆ రెండో నవల ఇంకా ఎవరూ రాయలేదు.

రెండో అభ్యంతరం బురదనేల వాదం. జపాన్ ఒక చిత్తడి నేల, ఇక్కడ నాటిన ఏ మొక్కకైనా వేళ్లు కుళ్లిపోతాయి, ఇక్కడివాళ్లు నమ్మింది మన దేవుణ్ణి కాదు, తమకు తోచిన మరో దేవుణ్ణి అని ఫెరీరా వాదిస్తాడు. న్యాయాధికారి ఇనోవె కూడా అదే అంటాడు. విమర్శకులు చాలామంది దీన్ని ఎండో సొంత అభిప్రాయంగా ఎత్తి రాస్తుంటారు. ఓడిపోయినవాడు తన ఓటమికి నేలను తప్పుపట్టడం ఇది అని నా ఉద్దేశం. మొక్క నేలకు తగ్గట్టు మారడం కుళ్లిపోవడం కాదు. మన దగ్గరే చూడండి. పర్లాకిమిడి ప్రాంతంలో ఒక వంగ కుటుంబంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి క్రైస్తవుడై, మన రాగతాళాల్లో తెలుగు కీర్తనలు కట్టాడు. ఆ కీర్తనలు ఈనాటికీ ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో ఉన్నాయి, గుడుల్లో పాడుతున్నారు. పుట్టింది ఒరియా సీమలో, ఇంటిపేరు వంగదేశానిది, మతం పడమటినుంచి వచ్చింది, పాట తెలుగు. వేళ్లు కుళ్లలేదు. ఎండో దర్జీపని చేసి జీవితమంతా సరిచేసుకున్న సూటును, ఇక్కడ వందేళ్ల ముందే ఎవరో పంచెగా కట్టుకున్నారు. ఎండో చివరి పెద్ద నవల ‘లోతైన నది’ (1993) మన కాశీలో నడుస్తుందని, అందులో ఒక విఫల సన్యాసి అనాథ శవాలనూ చావుకు దగ్గరైనవాళ్లనూ గంగ ఒడ్డుకు మోస్తాడని గుర్తుచేసుకుంటే, బురదనేల వాదం దగ్గర ఆయన ఆగిపోలేదని తెలుస్తుంది.

ఆ వాదానికి చరిత్ర ఇచ్చిన జవాబు ఇంకా గట్టిది. పాదిరీలు పోయారు, పుస్తకాలు తగలబడ్డాయి. అయినా నాగసాకి చుట్టుపక్కల పల్లెల్లో, గోతో, ఇకిత్సుకి దీవుల్లో రైతులూ జాలరులూ గురువులు లేకుండానే ఏడెనిమిది తరాలు ఈ మతాన్ని దాచుకున్నారు. బిడ్డను ఒళ్లో పెట్టుకున్న కన్నన్ విగ్రహాన్ని మరియమాతగా పూజించారు. ‘ఒరాషో’ అని వాళ్లు పిలిచే ప్రార్థనలను నోటినుంచి నోటికి అప్పగించారు. లాటిన్, పోర్చుగీసు, జపనీస్ మాటలు కలిసి అరిగి అరిగి, చదివేవాడికే కొన్నిచోట్ల అర్థం తెలియని స్థితికి వచ్చాయి. అయినా ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పాలని నియమం. ఈ సంగతి చదివినప్పుడు మన పత్రిక పాఠకులకు ఏం తోస్తుందో నేను ఊహించగలను. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో తెలుగు లిపి రాని మనవరాలు నాయనమ్మ పాటను తమిళంలోనో కన్నడంలోనో మరాఠీలోనో రాసుకుని పాడుకుంటుంది. మాట అరుగుతుంది, అర్థం జారుతుంది, పాట మిగులుతుంది. మన ఇబ్బందిని వాళ్ల కష్టంతో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. మనల్నెవరూ గోతిలో వేలాడదీయలేదు. పెద్దదిక్కు లేనిచోట ఒక వస్తువును ఎలా కాపాడుకుంటారన్న ప్రశ్న మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఇంకో సంగతి. ఆ రైతులు అన్ని తరాలు బతికి బట్టకట్టారంటే, ఏటేటా ఫుమియె తొక్కారు కనుకనే. తొక్కనివాళ్లు చనిపోయారు, వాళ్లకు సంతానం మిగల్లేదు. తొక్కి, ఇంటికి వచ్చి, ‘కొన్‌చిరిసాన్’ అనే పశ్చాత్తాప ప్రార్థన చెప్పుకుని, మళ్లీ పొలానికి పోయినవాళ్ల పిల్లలే ఆ విశ్వాసాన్ని 19వ శతాబ్దం దాకా మోశారు. అంటే సంఘాన్ని నిలబెట్టింది కిచిజిరో వంశం. వీరగాథల్లో చోటులేని ఈ లెక్కను తెచ్చి మన ముందు పెట్టడమే ఎండో చేసిన పెద్ద పని.

ఇది మనకు దూరదేశపు పాతకథ అనుకోవడానికి వీల్లేదు. 2008 ఆగస్టులో ఒరిస్సాలోని కంధమాల్‌లో ఒక స్వామీజీ హత్య తర్వాత చెలరేగిన హింసలో క్రైస్తవుల ఇళ్లూ గుడులూ తగలబడ్డాయి, వేలమంది అడవుల్లోకీ సహాయ శిబిరాల్లోకీ పారిపోయారు. ఊళ్లోకి తిరిగి రావాలంటే మతం వదులుకోవాలన్న షరతు పెట్టారని అప్పటి పత్రికల్లో వచ్చింది. కొందరు ఒప్పుకోలేదు, కొందరు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నవాళ్లకు ఇంట్లో పిల్లలున్నారు, పొలంలో పంట ఉంది. ఒప్పుకోనివాళ్లను మనం గౌరవిస్తాం, గౌరవించాలి. ఒప్పుకున్నవాళ్ల గురించి క్షేమంగా దూరాన కూర్చుని తీర్పు చెప్పేవాళ్లను మాత్రం నేను విన్నాను. ఎండోను చదివిన తర్వాత ఆ తీర్పు నోట్లోంచి అంత తేలిగ్గా రాదు. అలాగని అతను లొంగిపోవడాన్ని ఆదర్శం చేశాడని అనుకోకూడదు. తొక్కినప్పుడు రోడ్రిగ్స్ పాదం నొప్పిపెట్టింది. నొప్పి లేకుండా తొక్కేవాడి కథ కాదిది. తొక్కించేవాడి పాపం ఈ నవలలో ఎక్కడా తగ్గలేదు.

సినిమా సంగతి చెబుతానన్నాను. స్కోర్సెసీ ఈ నవలను ఎన్నో ఏళ్లు మనసులో పెట్టుకుని శ్రద్ధగా తీశాడు. కానీ చివర్లో, రోడ్రిగ్స్ శవాన్ని దహనం చేసేటప్పుడు, అతని చేతిలో చిన్న చెక్క సిలువను చూపించాడు. ప్రేక్షకుడు హమ్మయ్య అనుకుంటాడు, మనవాడు లోపల విశ్వాసిగానే ఉన్నాడని. నవలలో ఆ సిలువ లేదు. ఎండో ఇచ్చింది ఆ అధికారి చిట్టా మాత్రమే. చాలామంది అనుబంధం కదా అని దాన్ని చదవకుండా పుస్తకం మూసేస్తారు. జాగ్రత్తగా చదివితే అందులో రెండు విషయాలు దొరుకుతాయి. ఒకటి, ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మనిషిచేత మళ్లీ మతత్యాగ పత్రం రాయిస్తున్నారు. ఒకసారి రాసినవాడిచేత మళ్లీ ఎందుకు రాయించాల్సి వచ్చింది? చిట్టా చెప్పదు. రెండోది, అతని పనివాడిగా చేరిన కిచిజిరో మెడలోని తాయెత్తు సంచిలో సెయింట్ల బొమ్మలు దొరికాయి, అతణ్ణి విచారించారు. పాదిరి చేతిలో సిలువ పెట్టి స్కోర్సెసీ మనల్ని ఓదార్చాడు. ఎండో ఆ బొమ్మలను పిరికివాడి మెడలో పెట్టాడు.

1865 మార్చి 17న నాగసాకిలో విదేశీయుల కోసం కొత్తగా కట్టిన ఔరా గుడికి కొందరు పల్లెవాళ్లు వచ్చారు. ఒక స్త్రీ ఫ్రెంచి పాదిరి పెతిజాన్ దగ్గరికి వచ్చి, తమ మనసూ ఆయన మనసూ ఒకటేనని చెప్పి, మరియమాత బొమ్మ ఎక్కడని అడిగింది. వాళ్లది ఉరకామి పల్లె. బయటపడినందుకు శిక్ష మళ్లీ పడింది. సుమారు 3,400 మందిని వేర్వేరు సంస్థానాలకు ప్రవాసం పంపారు. అందులో 600 మందికి పైగా అక్కడే చనిపోయారు. 1873లో నిషేధం పోయాక మిగిలినవాళ్లు ఇళ్లకు తిరిగొచ్చారు. కొన్నేళ్ల తర్వాత గుడికోసం స్థలం వెతికి, ఊరి పెత్తందారు ఇంటి స్థలాన్ని ఏరికోరి కొన్నారు. వాళ్ల తాతముత్తాతలు ఏటా వరసలో నిలబడి ఫుమియె తొక్కింది ఆ ఇంట్లోనే. 1945 ఆగస్టు 9న అణుబాంబు పడేదాకా ఉరకామి పెద్దగుడి అక్కడే ఉంది. తర్వాత మళ్లీ అక్కడే కట్టారు.